గ్రహభేదం పద్ధతిలో కథ రాస్తున్నా, సంగీతం తెలిసినవాళ్లు సాయం చేస్తారా?

నమస్కారమండీ. ఉండేది చిక్కడపల్లిలో. త్యాగరాయ గానసభ దగ్గరే కావడంతో కచేరీల పిచ్చి బాగా ముదిరింది. రాసేది మాత్రం కథలు, అవీ తిన్నగా నడవనివి.

గ్రహభేదం అంటే స్వరాలు అవే ఉంచి, వాటిలో వేరే స్వరాన్ని షడ్జమం (ఆధారమైన 'స') అనుకోవడం; దాంతో రాగమే మారిపోతుంది. మోహన రాగంలో రిషభాన్ని (రి) షడ్జమం అనుకుంటే మధ్యమావతి రాగం వస్తుంది. గాంధారాన్ని అనుకుంటే హిందోళం, పంచమాన్ని అయితే శుద్ధ సావేరి, ధైవతాన్ని అయితే శుద్ధ ధన్యాసి. (హార్మోనియంలో నల్ల మెట్లు మాత్రమే నొక్కి చూడండి, తెలిసిపోతుంది.) నా కథలోనూ ఒకే ఇల్లు, అవే ఐదు సంఘటనలు. చెప్పేవాళ్లు ఐదుగురు. ఒక్కొక్కరు ఒక్కో సంఘటన దగ్గర మొదలుపెడతారు, దాంతో కథ రంగే మారిపోతుంది.

చిక్కల్లా తంబురాతోనే. కచేరీలో అది అసలు 'స'ని పట్టుకుని మోగుతూనే ఉంటుంది కాబట్టి గాయకుడు ఆధారం మార్చినా మన చెవి అసలు షడ్జమాన్ని పూర్తిగా వదలదు. మరి కథలో ఆ పని ఏది చేయాలి? ప్రతి భాగంలో ఒకే వాక్యం తిప్పి తిప్పి వాడితే భజనలా తయారైంది. పక్కింట్లో పిండిమర చప్పుడు పెడదామా అనుకుంటున్నా. వినిపిస్తుందంటారా, లేక మరీ కృతకమా?

ఇంకోటి, వీణ, వయొలిన్ వాయించేవాళ్లకి. మళ్లీ మోహనంలోకి వచ్చేశామని శ్రోతకి తెలిసేలా మీరు ఏం చేస్తారు? ఒక్క స్వరం మీద నిలబడతారా, బాగా తెలిసిన సంచారం (ఆ రాగానికే చెందిన స్వరాల నడక) పట్టుకుంటారా? నగరంలో ఎవరైనా కాసేపు వాయించి వినిపిస్తానంటే కూకట్‌పల్లి ట్రాఫిక్ దాటుకుని అయినా వస్తాను.