డిగ్రీ షోల్లో కొత్త కళాకారులను మీరు ఎలా గుర్తుపడతారు?

గోడమీద చోటు
ఆర్ట్ కాలేజీల్లో ఆఖరి ఏడాది విద్యార్థులు పెట్టే డిగ్రీ షోలకు ఈమధ్యే వెళ్లడం మొదలుపెట్టాను. గ్యాలరీలో అయితే ఎవరో ముందే ఏరి పెడతారు. ఇక్కడ క్లాసులో ఉన్న అందరి పనీ ఉంటుంది. నాకు నచ్చేదీ అదే, ఇబ్బంది పెట్టేదీ అదే. నాలుగు గదులు తిరిగేసరికి కళ్లు అలిసిపోయి, పెద్ద పెద్ద క్యాన్వాసులు, గాఢమైన రంగులు మాత్రమే గుర్తుంటున్నాయి. చూసి చూసి అలవాటైనవాళ్లు ఎలా చూస్తారు? ఎవరికీ తెలియని ఒకరి పని దగ్గర ఆగిపోవాలని మీకు ఎందుకు అనిపిస్తుంది? కొనడం గురించి కూడా చెప్పండి. ఒక్క బొమ్మైనా ఇంట్లో పెట్టుకోవాలని ఉంది.

చెక్కముద్ర
మొదటిసారి గబగబా తిరిగేయండి. లేబుళ్లు చదవొద్దు, ఫోన్ తీయొద్దు. బయటికొచ్చి కాసేపు కూర్చోండి. మీరన్నట్టు పెద్దవే ముందు గుర్తొస్తాయి. కాస్త ఓపిక పడితే ఏదో మూల చూసింది ఒకటి మెల్లగా పైకి తేలుతుంది. రెండోసారి లోపలికి వెళ్లేది దానికోసమే.

ఇక స్కెచ్‌బుక్కులు. బల్ల మీద పెట్టి ఉంటే, ముట్టుకోవచ్చా అని అడిగి తప్పకుండా తిరగేయండి. గోడ మీదున్నది మార్కుల కోసం ఎంచి పెట్టిన పని. ఆ ఎంపికలో గురువుల సలహా కూడా ఉంటుంది. పుస్తకంలో అయితే ఆ మనిషి ఏ విషయం దగ్గరికి మళ్లీ మళ్లీ వెళ్తున్నాడో, దేన్ని వదిలేశాడో కనిపిస్తుంది.

ఒక షోలో ఒకమ్మాయి ఎచింగ్‌లు చూశాను. రాగి ప్లేటు మీది గీతలను యాసిడ్‌తో తినిపించి, వాటిలో సిరా నింపి కాగితం మీద తీసే ముద్రలవి. మెట్లదారి బొమ్మ, అరచేతికన్నా కాస్త పెద్దది. ఒకే రాగి ప్లేటు నుంచి వేర్వేరు దశల్లో తీసిన ముద్రలను పక్కపక్కన పెట్టింది. మొదటిదాంట్లో మెట్లన్నీ ఒకే సన్నగీతలో ఉన్నాయి. తర్వాతిదాంట్లో కింది మెట్లను ఇంకాసేపు యాసిడ్‌లో ఉంచింది. గీత లోతుగా తిని, సిరా ఎక్కువ పట్టి, కింద చీకటి మొదలైంది. ఆ తర్వాతిదాంట్లో పై మెట్టు మీద నిలబడ్డ మనిషిని గీకి తీసేసింది. చెరిపిన చోట రాగి పూర్తిగా నున్నబడక సన్నటి పొగలాంటి మరక మిగిలితే, దాన్నీ అలాగే ఉంచింది. "మనిషి ఉంటే అందరూ మనిషినే చూస్తున్నారండీ, మెట్లను చూడట్లేదు" అంది. నిజానికి ఆ బొమ్మలో బాగా కుదిరింది ఆ మనిషే. తనకేం కావాలో తెలిసి, కుదిరినదాన్ని కూడా తీసేయగలిగింది. అలాంటివాళ్ల పేరు నేను రాసిపెట్టుకుంటాను.

నీలిరేఖ
చెక్కముద్ర గారు చెప్పినదానికి ఒకటి కలుపుతాను. ఒకే గదిలో నలుగురైదుగురు ఒకేలా రంగు కార్చి, ఒకేలా కింది సగం ఖాళీ వదిలేస్తే, ఆ అలవాటు పాఠం చెప్పినవాళ్ల నుంచి వచ్చిందన్నమాట. అందుకని ఒక్కొక్కరి దగ్గరా ఆగే ముందు క్లాసు మొత్తాన్నీ ఒకసారి చూసుకోవాలి. అందరిలో ఉన్నదాన్ని పక్కన పెడితే ఈ ఒక్కరిలో ఇంకేం మిగులుతోంది? నేను వెతికేది అది.

గురువు ముద్ర ఉండటం తప్పని అనట్లేదు. జర్మనీలో డ్యూసెల్‌డార్ఫ్ ఆర్ట్ అకాడమీలో 1976 నుంచి బెర్న్‌డ్ బెకర్ ఫొటోగ్రఫీ నేర్పాడు. ఆయనా, భార్య హిల్లా కలిసి నీళ్ల ట్యాంకులు, బ్లాస్ట్ ఫర్నేసులు, గనుల టవర్లు దశాబ్దాల తరబడి నలుపు తెలుపులో తీశారు. ఎప్పుడూ అదే మబ్బు వెలుతురు, అదే ఎదురు కోణం. ఆ తర్వాత పేరు తెచ్చుకున్న ఫొటోగ్రాఫర్లు ఆండ్రియాస్ గుర్‌స్కీ, థామస్ రూఫ్, థామస్ స్ట్రూత్, కాండిడా హోఫర్ ఆ క్లాసులోంచే వచ్చారు. స్ట్రూత్ తొలి రోజుల్లో తీసిన ఖాళీ వీధులు చూస్తే గురువు కనిపిస్తాడు. రూఫ్ మాత్రం కట్టడాలను చూసే ఆ నిలకడను మనుషుల ముఖాల మీదికి తిప్పాడు. స్నేహితులను పాస్‌పోర్ట్ ఫొటోకి కూర్చోబెట్టినట్టు కూర్చోబెట్టి, రంగుల్లో, మనిషికంటే ఎన్నో రెట్లు పెద్దగా ప్రింట్ వేశాడు. నేర్చుకున్నదాన్ని అలా వేరే చోటికి తీసుకెళ్లే గుణం డిగ్రీ షోలో చిన్నగానైనా బయటపడుతుంది.

ఆ అకాడమీలో ఏటా చలికాలం సెమిస్టర్ చివర్లో రుండ్‌గాంగ్ పేరుతో కొన్ని రోజులు క్లాసులన్నీ జనానికి తెరుస్తారు. ఆఖరి ఏడాదివాళ్లే కాదు, అన్ని సంవత్సరాల విద్యార్థుల పనీ ఉంటుంది. ఇలాంటివి మీకు అందుబాటులో ఉంటే అస్సలు వదలకండి. ఒకే విద్యార్థి పనిని వరసగా రెండు మూడేళ్లు చూస్తే తెలిసేది ఒక్క డిగ్రీ షోలో తెలియదు.

మూడో గది
ప్రారంభం రోజు సాయంత్రం వెళ్లొద్దు. ఆ రోజంతా కుటుంబాలు, స్నేహితులు, ఫొటోలు. మధ్యలో ఏదో ఒక పనిరోజు మధ్యాహ్నం వెళ్లండి. బొమ్మ పక్కనే స్టూలేసుకుని విద్యార్థి కూర్చుని ఉంటారు, తీరిగ్గా మాట్లాడతారు.

పాత విద్యార్థిని
నేను ఆ స్టూలు మీద కూర్చున్నదాన్ని కాబట్టి అటువైపు నుంచి రాస్తున్నాను.

డిగ్రీ షో అంటే మాకు పరీక్ష. గోడలకు సున్నం వేసేదీ, లైట్లు బిగించేదీ, లేబుళ్లు అంటించేదీ మేమే. రాత్రంతా ఆ పని చేసి, పొద్దున ఎగ్జామినర్ల ముందు నిలబడతాం. తర్వాత తలుపులు తెరుస్తారు. ఎక్కువమంది ఫోన్లో ఒక ఫొటో తీసుకుని పక్క గదిలోకి వెళ్లిపోతారు. "ఇది ఏమిటి?" అని అడిగేవాళ్లూ ఉంటారు, దానికి ఏం చెప్పాలో తోచదు. ఒకాయన వచ్చి, "ఈ బొమ్మలో మీరు చివరగా చేసిన పని ఏది?" అని అడిగారు. ఆ ఒక్క ప్రశ్నతో చాలాసేపు మాట్లాడుకున్నాం. ఏ రంగు మీద ఏ రంగు వేశాను, ఎక్కడ ఆపాను, ఎందుకు ఆపాను అన్నీ వచ్చాయి. మీరూ అలాంటివి అడగండి. ఎలా చేశారు, ఇది అయ్యాక ఏం మొదలుపెట్టారు అని అడగండి. తర్వాతి పని గురించి మాట్లాడుతుంటే ముఖం వెలిగిందంటే, చదువు అయ్యాక కూడా ఆ మనిషి పని ఆపదని నా నమ్మకం. ఎందుకంటే కాలేజీ వదిలిన మరుసటి నెల నుంచి స్టూడియో ఉండదు, ప్రెస్ ఉండదు, బట్టీ ఉండదు, చూసి మాట చెప్పే గురువు ఉండడు. ఎంతో బాగా చేసేవాళ్లు కూడా అక్కడే ఆగిపోతారు.

ఇంకొకటి. కొంటానని చెప్పి, అమ్ముడైందని గుర్తుగా బొమ్మ పక్కన అంటించే ఎర్ర చుక్క పెట్టించుకుని, ఆ తర్వాత ఫోన్ ఎత్తనివాళ్లు ఉంటారు. నా క్లాస్‌మేట్‌కి అలా జరిగింది. ఆ చుక్క చూసి నిజంగా కొనేవాళ్లు ఇంకెవరూ అడగలేదు, షో అయిపోయింది. దయచేసి ఖాయం అనుకుంటేనే చుక్క పెట్టమనండి. కొనలేకపోతే విజిటర్స్ పుస్తకంలో ఏ పని నచ్చిందో, ఎందుకో రెండు ముక్కలు రాయండి. ఆ మాటలు చాలాకాలం గుర్తుంటాయి.

లెక్కల మనిషి
ఇప్పుడు కొంటే ముందుముందు విలువ పెరుగుతుందా? ఇప్పుడు అంత పేరున్న బ్రిటిష్ కళాకారుడు డేమియన్ హర్స్ట్‌ని డిగ్రీ షోలోనే కదా పట్టుకున్నారు?

నీలిరేఖ
అది డిగ్రీ షో కాదండి. 1988లో లండన్ రేవు ప్రాంతంలో ఖాళీగా పడి ఉన్న భవనంలో గోల్డ్‌స్మిత్స్ కాలేజీ విద్యార్థులు సొంతంగా పెట్టుకున్న 'ఫ్రీజ్' అనే ప్రదర్శన. దాన్ని ముందుండి నడిపించిన హర్స్ట్ అప్పటికి రెండో ఏడాదిలోనే ఉన్నాడు. వాళ్ల గురువు మైకేల్ క్రెయిగ్-మార్టిన్ తన పరిచయాలతో పెద్ద క్యూరేటర్లను, అంటే మ్యూజియాల్లో ప్రదర్శనలకు పనులు ఎంచేవాళ్లను, అక్కడికి రప్పించాడు. కాలేజీ బయట విద్యార్థులు తమకు తామే పెట్టుకునే ప్రదర్శనలకు కూడా వెళ్లండని ఈ మాట చెబుతున్నాను. మార్కుల భయం లేనిచోట ధైర్యం ఎక్కువగా ఉంటుంది.

విలువ సంగతికొస్తే, డిగ్రీ షో నుంచి పైకెళ్లిన పనికి ఉదాహరణ బ్రిటిష్ చిత్రకారిణి జెన్నీ సావిల్‌ది. గ్లాస్గో స్కూల్ ఆఫ్ ఆర్ట్‌లో 1992లో ఆమె పెట్టిన 'ప్రాప్డ్' చిత్రం 2018 అక్టోబర్‌లో లండన్‌లో సోథెబీస్ వేలంలో సుమారు 95 లక్షల పౌండ్లు పలికింది. అప్పట్లో జీవించి ఉన్న మహిళా కళాకారుల్లో అదే రికార్డు. కానీ ఆమె పేరు చూసి లెక్కలు వేసుకోకండి. విద్యార్థుల పనుల్లో ఎక్కువ భాగం మళ్లీ అమ్ముదామన్నా కొనేవాళ్లు దొరకరు. రోజూ చూడాలనిపిస్తేనే కొనండి. ఇంకో మాట, కొన్న వెంటనే లాభానికి అమ్మేస్తే దెబ్బ తగిలేది ఆ కుర్రవాళ్లకే. ఒకసారి వేలంలో ధర ఎగిరి, మరోసారి పడిపోతే ఆ పతనం వాళ్ల పేరు పక్కన ఉండిపోతుంది.

దూరం నుంచి
మాకు దగ్గర్లో ఆర్ట్ కాలేజీ లేదు. 2020లో కోవిడ్ వల్ల చాలా కాలేజీలు షోలను ఆన్‌లైన్‌లో పెట్టినప్పటి నుంచి నేను వెబ్‌సైట్లలోనే చూస్తున్నాను. కొన్ని కాలేజీలు ఇప్పటికీ అలా పెడుతున్నాయి. బ్రిటన్‌లో 1949లో యంగ్ కాంటెంపొరరీస్‌గా మొదలై ఇప్పుడు న్యూ కాంటెంపొరరీస్ పేరుతో నడుస్తున్న ప్రదర్శన కూడా ఉంది. చదువు ముగిస్తున్నవాళ్లు, కొత్తగా ముగించినవాళ్లు పంపినవాటిలోంచి ఎంపిక చేసి ప్రదర్శిస్తారు. ప్రసిద్ధ చిత్రకారుడు డేవిడ్ హాక్నీ విద్యార్థిగా ఉన్నప్పుడు 1961లో అందులో పాల్గొన్నాడు. పాత ఏడాదుల జాబితాలు తిరగేసి, అప్పటివాళ్లు ఇప్పుడేం చేస్తున్నారో వెతకడం నాకు పెద్ద పాఠం.

అయితే స్క్రీన్ మీద చూసినదాన్ని నమ్మి నిర్ణయానికి రాకండి. నీలిరేఖ గారు చెప్పిన 'ప్రాప్డ్' సుమారు ఏడు అడుగుల ఎత్తు, ఆరడుగుల వెడల్పు. రంగు మీద అక్షరాలు అద్దంలో కనిపించినట్టు తిరగబడి ఉంటాయి. సావిల్ దానికి ఎదురుగా అద్దం పెట్టి ప్రదర్శించింది, అద్దంలో చూస్తేనే ఆ రాత చదవగలం. ఫోన్లో చూసేవాళ్లకి ఆ కొలతా అందదు, ఆ అద్దమూ ఉండదు. అందుకే ఆన్‌లైన్‌లో నచ్చినవాళ్లకి మెయిల్ పెట్టి, పక్కన మనిషి నిలబడ్డ ఫొటో ఒకటి, అంచులు కనిపించేలా దగ్గరగా తీసిన ఫొటో ఒకటి అడుగుతాను. ఇంతవరకూ ఎవరూ కాదనలేదు.

గోడమీద చోటు
అందరికీ చాలా థాంక్స్. మీరు చెప్పినట్టే ఒక షోకి పనిరోజున వెళ్లి రెండుసార్లు తిరిగాను. ఒక ఎచింగ్ దగ్గర ఆగిపోయాను. కింద పెన్సిల్‌తో 4/20 అని ఉంది. పక్కనే ఉన్న ఇంకో కాపీ మీద ఎ.పి. అని ఉంది. ఏది తీసుకోవాలి? ధర గురించి బేరం ఆడితే తప్పా?

చెక్కముద్ర
ఒకే ప్లేటు నుంచి ఇన్నే అని లెక్కపెట్టి తీసే కాపీల మొత్తాన్ని ఎడిషన్ అంటారు. 4/20 అంటే మొత్తం ఇరవై కాపీల ఎడిషన్‌లో నాలుగోది. ఎ.పి. అంటే ఆర్టిస్ట్ ప్రూఫ్, ఎడిషన్‌కి బయట కళాకారులు తమకోసం ఉంచుకునే కాపీ. అంకె చిన్నదైతే గొప్పదని లేదు. రెండింటినీ వెలుతురులో పక్కపక్కన పెట్టి చూడండి, సిరా నిండుగా దిగినది తీసుకోండి. ఎడిషన్‌లో మిగతావి అచ్చయ్యాయా అని కూడా అడగండి, కొందరు అవసరాన్ని బట్టి తర్వాత తీస్తారు. ఫ్రేమ్ కట్టించేటప్పుడు లోపల కాగితానికి తగిలే అట్ట, అంటే మౌంట్, యాసిడ్ లేనిదే కావాలని గట్టిగా చెప్పండి. మామూలు అట్టకి ఆనించి బిగిస్తే కొన్నేళ్లకి కాగితం పసుపెక్కుతుంది. నేరుగా ఎండ పడే గోడ వద్దు.

పాత విద్యార్థిని
బేరం గురించి నేను చెప్తాను. చాలామంది విద్యార్థులు ధర వేసేది మొదటిసారి, అదీ భయపడుతూ తక్కువే వేస్తారు. మీ దగ్గర అంత లేకపోతే ఆ మాటే చెప్పి, రెండు వాయిదాల్లో ఇవ్వొచ్చా అని అడగండి. లేదా అదే మనిషి చేసిన చిన్న పని ఏదైనా ఉందేమో అడగండి. బీరువాలో తప్పకుండా ఉంటాయి.

పేరు, శీర్షిక, ఏ మాధ్యమం, కొలతలు, సంవత్సరం, ఎడిషన్ అంకె రాసి సంతకం చేసిన రసీదు తీసుకోండి. బొమ్మ మీ సొంతమైనా దాని కాపీరైట్ సాధారణంగా కళాకారులదే, కాబట్టి కవర్ పేజీకో పోస్టర్‌కో వాడాలంటే మళ్లీ వాళ్లను అడగాలి. షో ముగిసేదాకా బొమ్మ గోడ మీదే ఉంటుంది, తీసుకెళ్లే రోజు ముందే మాట్లాడుకోండి. వాళ్ల కాలేజీ మెయిల్ ఐడీ కొన్నాళ్లకి పనిచేయకపోవచ్చు, సొంతది అడిగి తీసుకోండి.