మారిషస్‌లో చిన్న గార్మెంట్ యూనిట్: తిరుప్పూర్ బట్ట తీసుకెళ్లి కుడితే గిట్టుతుందా?

ప్రశ్న (కత్తెర): 40 మిషన్లతో టీషర్టుల యూనిట్ ఆలోచన. బట్ట తిరుప్పూర్ నుంచి, సరుకు యూరప్‌కి. ఎగుమతి లాభం మీద పన్ను 3 శాతమేనట. కుదరకపోతే ప్లాస్టిక్ కవర్లు చేసి అక్కడే అమ్ముదామనుకుంటున్నాం. లెక్కలో ఏం వదిలేశాం?

రేవు: కవర్ల సంగతి మర్చిపోండి. అక్కడ ప్లాస్టిక్ సంచులు 2016లోనే నిషేధించారు. పైగా జనాభా 13 లక్షలు కూడా లేదు, ఏ యంత్రానికీ చేతినిండా పని దొరకదు.

దారపుకండె: టీషర్టులు నడవొచ్చు, కానీ 3 శాతం చూసి వెళ్లకండి. లాభం వస్తేనే కదా పన్ను! అసలు బలం సుంకంలో ఉంది: యూరప్‌లో టీషర్టుకు మామూలు సుంకం 12 శాతం, మారిషస్ సరుకుకు సున్నా. బయటి బట్ట తెచ్చినా కత్తిరింపు, కుట్టు రెండూ అక్కడే జరిగితే ఆ సున్నా దక్కుతుంది. బయట కుట్టిన షర్టు దిగుమతి చేసి లేబుల్ వేసి ప్యాక్ చేస్తే దక్కదు. బట్ట ఇన్వాయిస్, కటింగ్ రిజిస్టర్ లాటువారీగా దాచండి, తనిఖీలో అడిగేవి అవే. రంగుల అద్దకం మాత్రం పెట్టుకోవద్దు: పర్యావరణ అనుమతి, మురుగునీటి శుద్ధి, ఎండాకాలంలో నీటి కోత.

కరెంటు మనలాగే 230 వోల్టులు, 50 హెర్ట్జ్. మిషన్లు అలాగే పనిచేస్తాయి, ప్లగ్గులే బ్రిటిష్ రకం.

రేవు: కూలీ ఖర్చు 13 నెలలకు వేయండి, ఏడాది చివరి బోనస్ చట్టంలోనే ఉంది. వారానికి 45 గంటలు దాటితే ఒకటిన్నర రెట్లు. కుట్టుపనికి స్థానికులు చాలరు. బంగ్లాదేశ్, మడగాస్కర్ వాళ్లను తెస్తే వర్క్ పర్మిట్, అనుమతి ఉన్న వసతి మీ నెత్తినే.

నవంబరు నుంచి మే నడుమ వరకు తుపాన్ల కాలం. తుపాను హెచ్చరిక మూడో తరగతికి చేరితే ఫ్యాక్టరీ మూసేయాల్సిందే. 2024 జనవరిలో బెలాల్ తుపానుకు పోర్ట్ లూయిస్ వీధుల్లో కార్లు కొట్టుకుపోయాయి. ఫిబ్రవరి డెలివరీ ఒప్పుకుంటే వారం వెసులుబాటు రాయించుకోండి, బట్ట నేలమీద పేర్చకండి.

కత్తెర: స్థలం కొనాలా?

దారపుకండె: అద్దెకే వెళ్లండి. విదేశీయులు భూమి కొనాలంటే 1975 నాటి చట్టం కింద ముందస్తు అనుమతి కావాలి. లీజు కూడా పొడవుగా రాయించుకోవద్దండీ. భారత్–యూరప్ వాణిజ్య ఒప్పందం అమల్లోకొస్తే మన సరుకుకూ సుంకం తగ్గి ఆ 12 శాతం తేడా కరిగిపోతుంది. 2005లో దేశాలవారీ వస్త్ర దిగుమతి పరిమితులు (కోటాలు) పోగానే హాంకాంగ్ ఫ్యాక్టరీలు అక్కడినుంచి మూటాముల్లె సర్దుకున్నది అందుకే.