పార్టీల ఎన్నికల ఖర్చుకు రాజ్యాంగంలోనే హద్దు పెట్టాలా?

మలక్‌పేట పాఠకుడు

మన రాష్ట్రంలో అసెంబ్లీ అభ్యర్థి 40 లక్షలు, లోక్‌సభ అభ్యర్థి 95 లక్షలు దాటి ఖర్చు పెట్టకూడదు. 2022 జనవరిలో పెంచిన పరిమితి ఇది. ఆ అభ్యర్థిని నిలబెట్టిన పార్టీకి మాత్రం ఏ పరిమితీ లేదు. ఈ సందు ఉన్నంతకాలం 40 లక్షలన్న అంకెకు విలువ లేదు. దాన్ని మామూలు చట్టంతో మూస్తే సరిపోదు, రాజ్యాంగంలోనే మూయాలని నా వాదన.

1974 అక్టోబర్‌లో కన్వర్‌లాల్ గుప్తా కేసులో సుప్రీంకోర్టు, అభ్యర్థి కోసం పార్టీ పెట్టిన ఖర్చు కూడా అభ్యర్థి ఖాతాలోనే పడాలని తీర్పిచ్చింది. ఆ నెల తిరగకముందే ఆర్డినెన్స్ వచ్చింది. ప్రజాప్రాతినిధ్య చట్టం 77వ సెక్షన్‌కు ఒక వివరణ తగిలించి పార్టీ ఖర్చును లెక్కలోంచి తీసేశారు. 2003లో కొంత బిగించినా, స్టార్ క్యాంపెయినర్ల (ప్రచారానికి పార్టీ పేర్లిచ్చిన పెద్ద నాయకుల) ప్రయాణ ఖర్చులు మాత్రం బయటే ఉంచారు. 2014లో ఢిల్లీ హైకోర్టు రెండు పెద్ద పార్టీలు విదేశీ విరాళాల చట్టాన్ని ఉల్లంఘించాయని తేలిస్తే, 2016లోనూ 2018లోనూ ఫైనాన్స్ బిల్లుల్లో పెట్టి చట్టాన్నే మార్చేశారు. ఆ మార్పు 1976 నుంచే అమల్లో ఉన్నట్టు రాసుకున్నారు! 2017లో కంపెనీ విరాళాలపై ఉన్న 7.5 శాతం హద్దు ఎత్తేసి, ఇచ్చినవాళ్ల పేరు ఓటరుకు తెలియని ఎలక్టోరల్ బాండ్లు తెచ్చారు.

అధికారంలో ఎవరున్నా తీరు ఒకటే. మామూలు మెజారిటీతో గీసిన గీతను మామూలు మెజారిటీ చెరిపేస్తోంది. రాజ్యాంగ సవరణకైతే మూడింట రెండొంతుల ఓట్లు కావాలి కాబట్టి కనీసం ప్రతిపక్షం గడప తొక్కాల్సి వస్తుంది.

చిక్కడపల్లి న్యాయవాది

మీ చరిత్ర సరైనదే, మందు తప్పు. అమెరికాలో 1976 నాటి బక్లీ తీర్పు ఖర్చు పరిమితులను కొట్టేసింది, 2010 నాటి సిటిజన్స్ యునైటెడ్ తీర్పు కంపెనీలకూ తలుపులు తెరిచింది. అక్కడివాళ్లు రాజ్యాంగ సవరణ అడుగుతున్నారంటే అర్థముంది, అడ్డం పడింది కోర్టు కాబట్టి. మన కోర్టు 2024 ఫిబ్రవరి 15న బాండ్లను ఓటరుకు తెలుసుకునే హక్కు ఉందంటూ, వాక్ స్వాతంత్ర్యం ఇచ్చే 19(1)(ఎ) అధికరణం కింద కొట్టేసింది. కంపెనీల విరాళాలకు హద్దు లేకపోవడం సమానత్వం గురించిన 14వ అధికరణానికి విరుద్ధమని కూడా చెప్పింది. ఇక్కడ అడ్డం రాజ్యాంగం కాదు, పార్లమెంటు. 77వ సెక్షన్‌లో నాలుగు మాటలు మారిస్తే పనైపోతుంది.

ఇంకో భయం కూడా ఉంది. ఎన్నికల డబ్బు పేరుతో, వాక్ స్వాతంత్ర్యానికి హద్దులు చెప్పే 19(2)లో కొత్త ఆంక్ష చేర్చారనుకోండి, రేపు ఒక కాలనీ సంఘం సొంత ఖర్చుతో కరపత్రం వేసినా దాన్ని ఆపడానికి అదే వాడతారు.

ఉప్పల్ ఉద్యోగి

చట్టం సంగతి మీరిద్దరూ చూసుకోండి సార్, లెక్క రాసే చోట ఏం జరుగుతుందో నేను చెప్తాను. గత అసెంబ్లీ ఎన్నికల్లో నాకు ఖర్చుల పర్యవేక్షణ డ్యూటీ పడింది. జిల్లా ఎన్నికల అధికారి రేట్ల పట్టిక ఇస్తారు: కుర్చీకి ఇంత, షామియానాకి ఇంత, టీకి ఇంత, బిర్యానీ ప్యాకెట్‌కి ఇంత. వీడియో టీమ్ సభకు వెళ్లి కుర్చీలు, ఫ్లెక్సీలు, బండ్లు అన్నీ షూట్ చేసుకొస్తుంది. మేం ఆ వీడియో ఆపి ఆపి చూస్తూ వరసకెన్ని కుర్చీలో లెక్కపెట్టి షాడో రిజిస్టర్‌లో, అంటే అభ్యర్థి ఖర్చుకు మేం విడిగా రాసే లెక్కలో ఎక్కిస్తాం. అభ్యర్థి ఏజెంట్ తెచ్చిన రిజిస్టర్‌తో తేడా వస్తే నోటీసు వెళ్తుంది.

ఒక పెద్ద సభకు ముందు రోజు స్టేజీ వెనక అభ్యర్థి నిలువెత్తు ఫొటోతో ఫ్లెక్సీ కట్టారు. మర్నాడు పొద్దున్నకల్లా అది పోయి, పార్టీ గుర్తు, రాష్ట్ర నాయకుడి బొమ్మ మాత్రమే ఉన్న కొత్తది వచ్చింది. అభ్యర్థి స్టేజీ ఎక్కలేదు, కింద ముందు వరసలో కూర్చున్నారు. పేరూ ఫొటో లేకపోతే, స్టార్ క్యాంపెయినర్‌తో స్టేజీ పంచుకోకపోతే ఆ సభ పార్టీ ప్రచారం కిందికి పోతుంది. కుర్చీలు, ఎల్‌ఈడీ తెరలు, జనాన్ని తెచ్చిన బస్సులు, ఏదీ అభ్యర్థి లెక్కలోకి రాలేదు. మేం చేసిందీ రూల్ ప్రకారమే, వాళ్లు చేసిందీ రూల్ ప్రకారమే. అదే నాకు ఇప్పటికీ మింగుడు పడటం లేదు.

బోరబండ అక్క

పార్టీ ఖాతా, అభ్యర్థి ఖాతా అంటున్నరు గానీ, రాత్రిపూట వచ్చే కవర్ ఏ ఖాతాల రాస్తరు? మా బస్తీల ఓటర్ లిస్టు పట్టుకొని ఇంటింటికి తిరుగుతరు. పేరు పక్కన టిక్కు పెట్టి, ఇంట్ల ఎన్ని ఓట్లుంటే అన్ని కవర్లు ఇచ్చిపోతరు. ఇది చెప్తే పేదోళ్లు అమ్ముడుపోతున్నరు అంటరు. అపార్ట్‌మెంట్లల్ల అసోసియేషనోళ్లు బోరు మోటారు, సీసీ కెమెరాలు అడిగి పెట్టించుకుంటే మాత్రం దానికి ఎవ్వరు పేరు పెట్టరు.

కోట్లు పెట్టి గెలిచినోడు అవి మళ్ల రాబట్టుకోవాలె గదా. నాలాల మీద, చెరువుల మీద, రోడ్ల కాంట్రాక్టుల మీదనే రాబడ్తడు. వాన పడ్తే నీళ్లు మా ఇండ్లల్లకే వస్తయి. రాజ్యాంగం మారుస్తరో, చట్టం మారుస్తరో, ముందు ఇచ్చేటోన్ని పట్టుకోవాలె.

మలక్‌పేట పాఠకుడు

అక్కా, మీరన్నది ఈ చర్చకు గుండెకాయ. 2023లో మన ఎన్నికలకు పది రోజుల ముందు, నవంబర్ 20 నాటికే, అయిదు రాష్ట్రాల్లో కలిపి 1,760 కోట్లకు పైగా విలువైన నగదు, మద్యం, బంగారం, మిగతా పంపకాల సరుకు పట్టుబడ్డాయని ఎన్నికల కమిషన్ ప్రకటించింది. అందులో మన తెలంగాణదే 659 కోట్లు. పట్టుబడింది అంతైతే, దొరకనిదెంతో ఊహించుకోవచ్చు. మరి దొరికాక ఏమైంది? చాలా చోట్ల పోలింగ్ మామూలుగానే జరిగిపోతుంది. తమిళనాడులో 2017లో ఆర్కే నగర్, 2019లో వేలూరు ఎన్నికలను డబ్బు పంపకాల వల్లే ఆపారు. అది కూడా ఎన్నికల కమిషన్‌కు 324వ అధికరణం కింద ఉన్న సాధారణ అధికారం మీద ఆధారపడే. బూత్ ఆక్రమణకు 58ఎ సెక్షన్ ఉన్నట్టు డబ్బు పంపకాలకూ ఒక సెక్షన్ కావాలని కమిషన్ అడిగితే కేంద్రం ఒప్పుకోలేదు.

లాయర్ గారూ, నేను 19(2)ని ముట్టుకోమనడం లేదు. 324 పక్కనే కొత్త అధికరణం అడుగుతున్నాను. పార్టీ ఖర్చుకు హద్దు, ప్రతి విరాళమూ పోలింగ్‌కు ముందే బయటపెట్టడం, డబ్బు పంచిన చోట ఎన్నిక రద్దు చేసే అధికారం, ఈ మూడూ అందులో ఉండాలి. అది పార్టీలకూ అభ్యర్థులకూ మాత్రమే వర్తించాలి, కాలనీ సంఘం కరపత్రం జోలికి వెళ్లకూడదు.

చిక్కడపల్లి న్యాయవాది

324 పక్కన అంటే నా అభ్యంతరం సగం తగ్గింది. మిగతా సగం వినండి. 2013 జూన్‌లో కేంద్ర సమాచార కమిషన్ ఆరు జాతీయ పార్టీలు సమాచార హక్కు చట్టం కిందికి వస్తాయని తేల్చింది. పార్టీలు పట్టించుకోలేదు. అలాంటివాళ్లు మీ సవరణకు ఓటేస్తారా? ఒకవేళ వేసినా, హద్దు దెబ్బ తగిలేది ప్రతిపక్షానికే. కోడ్ రాకముందు ప్రభుత్వం పేపర్లలో ఫుల్ పేజీ ప్రకటనలిస్తుంది, ఊరంతా హోర్డింగులు పెడుతుంది. ఆ ఖర్చు ఎవరి లెక్క? ప్రజలది.

మలక్‌పేట పాఠకుడు

ప్రకటనల విషయం ముసాయిదాలో చేర్చాల్సిందే. చట్టసభ గడువు ముగిసే ముందు చివరి ఆరు నెలల్లో నాయకుల ఫొటోలతో వచ్చే ప్రభుత్వ ప్రకటనల ఖర్చును అధికార పార్టీ హద్దులోంచి కోసేయాలి. లెక్క తేల్చే పని ప్రభుత్వ ఖాతాలు తనిఖీ చేసే కాగ్‌కు ఇవ్వాలి.

ఓటేస్తారా అన్నారు. 1985లో ఫిరాయింపుల మీద 52వ సవరణ తెచ్చింది కూడా పార్టీలే, ఆ బెడద తమ ఇంటికే వచ్చింది కాబట్టి. డబ్బు బెడద కూడా ఇప్పుడు వాళ్ల ఇంటికే వస్తోంది. ఇరవై ఏళ్లు జెండా మోసిన కార్యకర్తను పక్కనపెట్టి ఎంత పెట్టగలవు అని అడిగి టికెట్ ఇచ్చిన పార్టీ, గెలిచాక ఆ మనిషిని నిలుపుకోలేకపోతోంది. ఈ నొప్పి తెలియని పార్టీ ఇప్పుడు మన రాష్ట్రంలో లేదు. మీరు 77వ సెక్షన్ మార్పు రాయండి, నేను అధికరణం రాస్తాను, రెండూ ఇక్కడే పెడదాం. ఉప్పల్ మిత్రుడు ఆ ఫ్లెక్సీ సందు ఏ వాక్యంతో మూసుకుంటుందో చూసి చెప్పాలి.