క్యాన్సర్ కాదు, ఆపరేషన్ చేయలేరు – అమ్మను ఇంకా ఆసుపత్రులు తిప్పాలా?

కావలి కూతురు:

అందరికీ నమస్కారం. మాది కావలి, ఇంట్లోనే బట్టలు కుడతాను. అమ్మకు 76 ఏళ్లు. రెండేళ్ల కిందట అన్నం ముద్ద కుడి దవడలోనే ఉండిపోయేది, అమ్మకు తెలిసేది కాదు. తర్వాత కుడి చెవి వినపడటం తగ్గింది, నడకలో తూలు వచ్చింది. పక్షవాతమేమో అనుకున్నాం. ఎమ్మారై తీస్తే మెనింజియోమా అన్నారు. మెదడులో పుట్టింది కాదు, మెదడు చుట్టూ ఉండే పొరలో పుట్టిన కణితి. క్యాన్సర్ కాదు, నిదానంగా పెరుగుతుంది. కానీ అది పుర్రె అడుగున, బ్రెయిన్ స్టెమ్‌కి (ఊపిరి, గుండె నడిపించే మెదడు కింది భాగానికి) ఆనుకుని ఉంది. మింగడానికి, ముఖానికి పోయే నరాలు, ఒక పెద్ద రక్తనాళం అందులో చిక్కుకున్నాయి. అమ్మ గుండె కూడా బలహీనం. తీయబోతే అసలుకే మోసం అన్నారు. సైజు పెద్దది కాబట్టి రేడియేషన్ కూడా వద్దన్నారు. నెల్లూరులో ఒకరు, చెన్నైలో ఇద్దరు, అందరిదీ అదే మాట.

చుట్టాలు వచ్చి "క్యాన్సర్ కాదు గదా, ఇంక దిగులెందుకు" అని కాఫీ తాగి పోతారు. అమ్మ రాత్రి మూడింటికి లేచి ఆకలి అంటుంది. పెడితే నీళ్లు పొలమారి కళ్లు తేలేస్తుంది. మెదడు వాపు తగ్గడానికి డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్ మొదలుపెట్టాక షుగర్ 300 దాటింది. రెండుసార్లు ఫిట్స్ వచ్చాయి. మొదటిసారి భయంతో నేనే నోట్లో గరిటె పెట్టాను. ఉన్న నాలుగు పళ్లలో ఒకటి ఊడిపోయింది. ఆ రక్తం నేను మర్చిపోలేకపోతున్నాను.

పోయిన నెల పినాకిని రైల్లో చెన్నై తీసుకెళ్లాం. గూడూరు దాటాక వాంతులు. స్టేషన్‌లో చీర తడిసిపోతే నా చున్నీ చుట్టాను. "నన్నెందుకమ్మా ఇట్టా తిప్పుతుండావు, ఇంటికి పోదాం పా" అంది. అప్పుడే అనుకున్నాను, ఇంక తిప్పనని. హైదరాబాద్‌లో ఉన్న తమ్ముడు బెంగుళూరు తీసుకెళ్దాం అంటున్నాడు. నేను వద్దంటే "నువ్వు అమ్మను వదిలేశావు" అన్నాడు. నిజంగా నేను వదిలేసినట్టేనా? ఈ పొలమారడానికి ఏం చేయాలి?

ఒంగోలు నర్సు:

అక్కా, ముందు ఆ పన్ను సంగతి. ఫిట్స్ వస్తే నోట్లో ఏదో ఒకటి పెట్టడం, చేతిలో తాళాలు పెట్టడం మన ఊళ్లలో అందరూ చేసే పనే. మీకెవరూ చెప్పలేదు, మీ తప్పేం లేదు. ఇకపై పక్కకు తిప్పి పడుకోబెట్టండి, తల కింద మెత్తని గుడ్డ పెట్టండి, గడియారం చూడండి. ఐదు నిమిషాలు దాటినా, ఒకటి ఆగి తెలివి రాకముందే ఇంకోటి వచ్చినా 108కి ఫోన్ చేయండి. ఫిట్స్ మాత్ర ఒక్క పూట కూడా తప్పనివ్వొద్దు.

పొలమారే వాళ్లకు పల్చటి నీళ్లే ప్రమాదం, గొంతులో జారి ఊపిరితిత్తుల్లోకి పోతాయి. చిక్కటి రాగిజావ, మెత్తగా కలిపిన పెరుగన్నం నయం. పడుకోబెట్టి పెట్టొద్దు. నిటారుగా కూర్చోబెట్టి, గడ్డం కిందికి వంచమని, ఎడమ పక్కన సగం చెంచా పెట్టండి. మింగిందో లేదో చూశాకే ఇంకో చెంచా. తిన్నాక అరగంట కూర్చోనివ్వండి, వేలికి తడిగుడ్డ చుట్టి కుడి దవడ తుడవండి. మింగడం పరీక్ష చేసే స్పీచ్ థెరపిస్టులు ఉంటారు, ఒకసారి చూపించండి. నీళ్లు ఎంత చిక్కగా ఇవ్వాలో వాళ్లు చెప్తారు. తిన్న తర్వాత జ్వరం, గురగుర వస్తే ఆలస్యం చేయొద్దు.

స్టెరాయిడ్ వేసేవాళ్లకు పరగడుపున షుగర్ బాగానే ఉండి మధ్యాహ్నం నుంచి పెరుగుతుంది. సాయంత్రం కూడా చూడండి. రాత్రి నిద్ర లేకపోవడం, ఆ ఆకలి కూడా దానివల్లే అయ్యుండొచ్చు. రెండో డోసు మధ్యాహ్నం లోపే వేయొచ్చా అని డాక్టర్ని అడగండి. మీ అంతట మీరు మాత్రం ఒక్కసారిగా ఆపొద్దు, మనిషి కుప్పకూలిపోతుంది.

సింగరాయకొండ పెద్దాయన:

అమ్మా, మా నాన్నకు ఇట్లాంటి కణితే. ఐదేళ్లు చూసుకున్నాను. మూడు ఊళ్లు తిప్పి ఆలస్యంగా తెలుసుకున్న విషయం ఒకటుంది. రెండో మాట అడగడానికి మనిషి పోనక్కర్లేదు. ఎమ్మారై సీడీ, రిపోర్టులు, మందుల చీటీ మీ తమ్ముడికి ఇవ్వండి, ఆయన్నే బెంగుళూరు పోయి చూపించమనండి. అమ్మ ఇంట్లోనే ఉంటుంది. అక్కడ ఏదన్నా దారి ఉందంటే అప్పుడు చూద్దురు.

అట్లాగని ఆసుపత్రికి అసలు పోకుండా ఉండొద్దు. పొద్దున్నే తలనొప్పి, వాంతులు ఎక్కువైనా, పగలంతా మత్తుగా పడి ఉన్నా వెంటనే తీసుకెళ్లండి. మా నాన్నకు మెదడులో నీరు చేరింది. కణితిని ముట్టుకోకుండా నీరు పొట్టలోకి పోయేలా షంట్ అనే గొట్టం వేస్తే మళ్లీ మమ్మల్ని గుర్తుపట్టాడు.

అమ్మకు వృద్ధాప్య పింఛను 4,000 వస్తుంటే వైకల్యం ఎంతో రాసిచ్చే సదరం సర్టిఫికెట్‌కి పెట్టండి. వైకల్యం 40 శాతం నుంచి ఉంటే 6,000 వస్తుంది. సచివాలయంలో అడగండి. ఇంకొకటి, మీ తమ్ముణ్ని పది రోజులు సెలవు పెట్టి వచ్చి రాత్రులు ఉండమనండి. ఆ మూడింటి ఆకలి ఆయన కూడా చూడాలి.

కావలి కూతురు:

నర్సమ్మా, అన్నా, చాలా థ్యాంక్స్. సీడీ కొరియర్ చేశాను. తమ్ముడు మొదట ఒప్పుకోలేదు, మీరు రాసింది చదివి వినిపించాను. శుక్రవారం వచ్చి నాలుగు రాత్రులు ఉన్నాడు.

రెండో రాత్రి నన్ను లేపాడు. అమ్మ దుప్పటి అంచు పట్టుకుని వేళ్లతో ఏదో విడదీస్తోంది, "అక్కా, అమ్మ ఏం చేస్తోంది?" అన్నాడు. నారు అని చెప్పాను. మా అమ్మ అల్లూరు చేలల్లో మొలగొలుకుల వరి నాట్లేసిన మనిషి. అది నారుకట్ట విడదీయడం. వాడు పక్కన కూర్చుని చెయ్యి చాపాడు. ఆ చేతిలో ఒక్కో పోగూ పెట్టింది, తెల్లారేదాకా.

పెరుగన్నం చెంచాతో ఎడమ పక్క పెడుతున్నాను. మూడు రోజుల్లో ఒక్కసారే పొలమారింది.