నాయనకి తెలీకుండా కూరలో మందు మాన్పించే పొడి కలపొచ్చా?

బుచ్చి పిల్ల:
మాది బుచ్చి దగ్గర పల్లె. మా నాయన రొయ్యల గుంటల కాడ రాత్రి కాపలాకి పోతాడు, అక్కడ చేరినాకే తాగుడు బాగా ముదిరింది. ముందు రాత్రికి ఒక క్వార్టర్‌తో సరిపెట్టుకునేవాడు, ఇప్పుడు పొద్దున్నే మొహం కడక్కముందే పడాల, లేకపోతే చేతులు వణికి టీ గ్లాసు కూడా పట్టుకోలేడు. మా అమ్మకి ఎవరో పొడి చెప్పారు, కూరలో కలిపితే దానంతటదే మానేస్తారంట. మా మామేమో నాలుగు రోజులు గదిలో పెట్టి తాళమేయండి, దిగిపోద్ది అంటన్నాడు. ఏది చెయ్యమంటారు?

ఒంగోలు నర్సక్క:
రెండూ వద్దు చెల్లీ. పొద్దున్నే వణుకు వస్తా ఉందంటే ఒళ్ళు మందుకి అలవాటు పడిపోయింది, అట్టాంటి మనిషికి ఒక్కసారిగా ఆపేస్తే కొన్ని గంటల్లోనే చెమటలు, గుండె దడ, మొదటి రెండు రోజుల్లో ఫిట్స్ రావచ్చు, రెండు మూడు రోజులకి కొందరికి మతి తప్పి లేనోళ్ళు కనపడతారు, గోడల మీద పురుగులు పాకతన్నాయంటారు. ఇంట్లోవాళ్ళు గాలి సోకిందనుకోని తాయెత్తులకి తిరుగుతారు, ఆ లోపల ప్రాణాలు పోయినోళ్ళు ఉండారు. ఆసుపత్రిలో అయితే మాత్రలు మొదలుపెట్టి రోజురోజుకీ తగ్గిస్తారు, బి1 విటమిన్ ఇంజెక్షన్ ఇస్తారు, మామూలుగా వారం పది రోజుల్లో ఆ గండం దాటుద్ది.

ఆ పొడిలో ఏముందో ఎవరికి తెలుసు? తాగుడు మాన్పించడానికి డాక్టర్లు రాసే డైసల్ఫిరామ్ మాత్రలు నూరి తెలీకుండా పెట్టేవాళ్ళూ ఉండారు. అది ఒంట్లో ఉండగా తాగితే మొహం ఎర్రబడి వాంతులు, బీపీ పడిపోద్ది, గుండె జబ్బున్న మనిషైతే చాలా ప్రమాదం. డాక్టరు రాస్తే, ఆయనకి తెలిసి, ఆయన ఒప్పుకోనే వేసుకోవాల.

కలిగిరి పెద్దాయన:
ఆసుపత్రులెన్నని తిప్పుతారమ్మా, అసలు షాపులు మూస్తే కదా. మా మండలంలో దూబగుంట ఆడోళ్ళు 1992లో సారా కొట్టు మూయించారు, నెల్లూరు జిల్లాలో సారా కొట్ల వేలంపాటలు జరగనీలా, 1993లో రాష్ట్రమంతా సారా ఆపేశారు. ఇప్పుడు ఆ పట్టుదల యాడుంది?

దర్శి కుర్రోడు:
పెదనాయనా, ఆ ఉద్యమం మీద నాకు గౌరవం ఉంది, కొట్టు దూరంగా ఉంటే కొత్తగా మొదలుపెట్టే పిల్లోళ్ళు తగ్గుతారు, అది నిజమే. కానీ 2020లో మా పక్కన కురిచేడులో కరోనాకి షాపులు మూస్తే శానిటైజర్ తాగి పది మందికి పైగా చచ్చిపోయారు. వాళ్ళు సరదాకి తాగలేదు, ఒళ్ళు ఆగక తాగారు. అట్టాంటోళ్ళకి వైద్యం పెట్టకుండా షాపు మాత్రం మూస్తే వాళ్ళే పోతారు.

బుచ్చి పిల్ల:
అక్కా, ఆసుపత్రి అంటే నాయన కొట్టొస్తాడు. ఎట్టా తీసకపోయేది?

ఒంగోలు నర్సక్క:
తాగుడు మాట ఎత్తొద్దు. నిద్ర పట్టట్లేదు, వణుకుతున్నాడు కదా, దానికే చూపిద్దాం అను, తాగి ఉన్నప్పుడు కాకుండా కాస్త తేటగా ఉన్నప్పుడు చెప్పు. నెల్లూరు పెద్దాసుపత్రిలో మానసిక వైద్యం ఓపీకి తీసకపో. ముందుగా ఫోన్లో మాట్లాడాలంటే తాగుడు మాన్పించే హెల్ప్‌లైన్ 14446కి గానీ, మానసిక వైద్యం హెల్ప్‌లైన్ 14416కి గానీ చెయ్యి, డబ్బులు పడవు. ఇంకో సంగతి, డాక్టరు దగ్గరికి పోతన్నాం కదా అని ముందురోజు నించే బలవంతంగా ఆపించొద్దు, చివరిసారి ఎప్పుడు తాగాడో, రోజుకి ఎంతో దాచకుండా చెప్పు, మాత్ర డోసు దాన్ని బట్టే వేస్తారు. ఈలోపల ఫిట్స్ వచ్చినా, మాట తడబడి మనుషుల్ని గుర్తుపట్టకపోయినా ఓపీ కోసం ఆగొద్దు, వెంటనే 108కి చెయ్యి.