శరీరం, ఆత్మ, తర్కం మూడూ ఒకే కవితలో ఎలా పట్టించాలి?

చిత్తుప్రతి:
రెండేళ్లుగా ఒకే కవిత దగ్గర ఆగిపోయానండి. అమ్మ చివరి రోజుల్లో రాత్రిళ్లు తన పక్కనే కూర్చునేదాన్ని, అప్పటి సంగతి. ఒంటి గురించి రాసినంతసేపూ బాగానే నడుస్తుంది, ఆత్మ దగ్గరికి వచ్చేసరికి ప్రవచనంలా అయిపోతుంది, పోనీ అని బుద్ధిని పిలిచి ‘ఇదంతా నిజమేనా’ అని అడిగిస్తే వ్యాసంలా తేలుతుంది. "శ్వాస ఒక నది, ఆత్మ ఒక సముద్రం" అని మొదలుపెట్టాను. చదివినవాళ్లు బాగుందన్నారు కానీ నాకే నచ్చట్లేదు. ఏం చేయమంటారు?

యతిమైత్రి:
చిన్నప్పుడు బట్టీపట్టిన వేమన పద్యాన్నే ఒకసారి నెమ్మదిగా చదవండి. "ఆత్మశుద్ధి లేని ఆచార మదియేల, భాండశుద్ధి లేని పాకమేల, చిత్తశుద్ధి లేని శివపూజలేలరా." ఆత్మతో ఎత్తుకున్నవాడు రెండో పాదానికే వంటగిన్నె దగ్గరికి దిగిపోయాడు, ఆ గిన్నె లేకపోతే ఇది ఉత్త ఉపదేశం. తర్కమంతా ‘ఏల’ అనే రెండక్షరాల్లో ఉంది. వాదించడు, నిలదీస్తాడు. పైగా ఈ పద్యం ఆటవెలది ఛందస్సు, అందులో రెండో పాదానికి ఐదు సూర్యగణాలే, ఒక్కోటి మూడు మాత్రలు, అంటే మొత్తం 15 మాత్రలు, పదిహేను పొట్టి అక్షరాలు పలికేంత సేపు, వివరణకి చోటెక్కడిది? మీ నదినీ సముద్రాన్నీ తీసేయండి, ఆ గదిలో అవి లేవు కదా.

మెట్లదారి:
గిన్నె మాట నిజమే, కానీ శరీరాన్ని ఆత్మకి ఉపమానంగా వాడుకుని వదిలేస్తే నాకు బాధగా ఉంటుంది. తైత్తిరీయోపనిషత్తులో భృగువు బ్రహ్మమంటే ఏమిటని తండ్రి వరుణుణ్ణి అడుగుతాడు. తపస్సు చేసి మొదట అన్నమే, అంటే ఈ ఒంటిని నిలబెట్టే తిండే, బ్రహ్మమని తెలుసుకుంటాడు, తర్వాత ప్రాణం, మనసు, విజ్ఞానం, చివరికి ఆనందం. మధ్యలో తిరిగొచ్చి అడిగిన ప్రతిసారీ తండ్రి తప్పని అనడు, మళ్లీ తపస్సు చేయమంటాడు, అంతే. అసలు విశేషం ఆ తర్వాత ఉంది. ఆనందం దాకా ఎక్కించి, వెంటనే ‘అన్నాన్ని నిందించకూడదు’ అంటుంది ఉపనిషత్తు. మొదటి మెట్టు దగ్గరికే మళ్లీ తీసుకొస్తుందన్నమాట. మీ కవితా అలా ఒంటి దగ్గరికి తిరిగి రావాలేమో.

నిదానం:
పెద్ద విషయాలు కాసేపు పక్కన పెడదాం. ఆ రాత్రిళ్లు మీరు చేతులతో ఏం చేస్తూ ఉండేవారు?

చిత్తుప్రతి:
ఫోన్‌లో స్టాప్‌వాచ్ పెట్టుకుని అమ్మ ఊపిరి లెక్కపెట్టేదాన్ని. నిమిషానికి 12 నుంచి 20 దాకా ఉంటే మామూలేనని నర్సు చెప్పింది, ఇక ఆ అంకె తప్ప ఇంకేదీ బుర్రకెక్కలేదు. దుప్పటి మీద చెయ్యి వేసి ఉంచితే అది లేచినప్పుడల్లా ఒకటి. ఇందాక మీ మాటలు చదివాక ఇది రాశాను:

నిమిషానికి పన్నెండు.
మళ్లీ లెక్కపెట్టాను, తొమ్మిది.
తొమ్మిదికీ పదికీ మధ్య
నా ఊపిరి కూడా ఆగింది.

చివరి పాదం ఉంచాలా, తీసేయాలా?

నిదానం:
లెక్కపెట్టడమే మీ తర్కం అండి, దాన్ని బయట వెతకక్కర్లేదు. ఆత్మ అన్న మాట ఇందులో ఎక్కడా లేదు, అయినా ఆ తొమ్మిదికీ పదికీ మధ్య నాకు తగిలింది. చివరి పాదం ఉంచండి. ‘కూడా’ ఒక్కటి తీసేయండి.