గండికోటలో తాతల నాటి మిద్దె: స్లాబ్ వేయొచ్చా?

కోటపిల్లోడు:
కడప జిల్లా గండికోట కోట లోపలి ఊళ్లో మాకు చవుడు మిద్దె (కట్టెల మీద చవుడు మట్టి పోసిన చదును కప్పు ఇల్లు) ఉంది. పైకెక్కితే జుమ్మా మసీదు మీనార్లు కనబడతాయి. నాలుగేండ్లుగా తాళం వేసే ఉంది. మొన్న వానలకు వంటింటి మూల రెండు దంతెలు (కప్పు మోసే అడ్డకట్టెలు) పుచ్చి విరిగి, మట్టంతా జారి పొయ్యి మీద పడింది. శని, ఆదివారాలు బెంగళూరు కార్లు వస్తాయి, లోయ అంచున ఫొటోలు దిగి, సీసాలు అక్కడే పడేసి పోతారు. మా ఊరికి మిగిలేది ఆ సీసాలే. రెండు గదులు బాగుచేసి వాళ్లకు అద్దెకిద్దామనుకున్నా. స్లాబ్ వేయమని మేస్త్రీని పిలిస్తే "ఇది పురావస్తు శాఖ జాగా, ఇటుక పెట్టినా కేసే" అన్నాడు. పక్కింటాయనేమో రాత్రికి రాత్రి వేసేయ్ అంటాడు. ఎవరి మాట వినాలి?

కొలతటేపు:
ఇద్దరి మాటా వినొద్దు బ్రదర్. 2010లో సవరించిన పురాతన కట్టడాల చట్టం ప్రకారం రక్షిత కట్టడం హద్దు నుంచి 100 మీటర్లు నిషేధిత ప్రాంతం, దాని తర్వాత ఇంకో 200 మీటర్లు నియంత్రిత ప్రాంతం. టేపు పట్టాల్సింది మసీదు గోడ నుంచి కాదు, శాఖ గుర్తించిన హద్దు నుంచి. అందరూ పప్పులో కాలేసేది ఇక్కడే. నిషేధిత ప్రాంతంలో దొంగతనంగా కడితే రెండేళ్ల దాకా జైలు, లేకుంటే లక్ష దాకా జరిమానా, లేదా రెండూ. కానీ 1992 జూన్ 16కి ముందు నుంచి ఉన్న ఇంటికి మరమ్మతు చేసుకుంటామని దరఖాస్తు పెట్టుకోవచ్చు. ఆ నాటి ఇంటిపన్ను రసీదో, కరెంటు బిల్లో వెతుకు. కూలగొట్టి అదే కొలతల్లో మళ్లీ కట్టినా అది మరమ్మతు కిందికి రాదు, గుర్తుపెట్టుకో. ఇల్లు హద్దు లోపలే ఉంటే మాత్రం వేరే కథ, సర్వే నెంబర్ తీసుకుపోయి ముందు అది తేల్చుకో.

పాతమేస్త్రీ:
అసలు స్లాబ్ ఎందుకు నాయనా? మే నెల మధ్యాహ్నం జమ్మలమడుగులో స్లాబ్ కింద ఎప్పుడైనా పడుకున్నావా? మిద్దె కురిసేది చవుడు తప్పు కాదు, నాలుగేండ్లు తాళం వేసి కొత్త చవుడు పోయకపోతే గడ్డి మొలిచి, ఎలుకలు బొక్కలు పెట్టి, ఏ మిద్దైనా కురుస్తుంది. పోయింది రెండు దంతెలే కదా, కింద గుంజ ఆనించి ఆ రెండే మార్చు. పైన వాలు చూసి చవుడు పోసి, నీళ్లు దిగే దోనె శుభ్రం చెయ్. కప్పులో ఉండే గవాక్షం మూయొద్దు, పొగ పోయేది దాంట్లోనుంచే. చవుడు మీద సిమెంటు పూత మాత్రం వద్దే వద్దు, పగిలినచోట నీళ్లు దిగి లోపల కట్టె పుచ్చుతుంటే నీకు కనపడదు.

బెలుందారి:
గదులు సరే, మరుగుదొడ్డి? గొయ్యి తవ్వాలంటే అదీ దరఖాస్తులో రాయాల్సిందే. మా వైపు బెలుం గుహ 3,229 మీటర్ల పొడవు, జనం దాన్ని చూసి, కూల్‌డ్రింక్ తాగి కారెక్కుతారు, ఊళ్లోకి ఎవరొస్తారు? గండికోటకు 2024లో కేంద్రం దాదాపు 78 కోట్లు మంజూరు చేసింది. అందులో మీ ఊరి వీధికి కుళాయి, చెత్తబండి ఉన్నాయా అని గ్రామసభలో అడగండి, వ్యూపాయింట్‌కు లైట్లు ఎవరైనా వేస్తారు. నువ్వు గదితో కాదు, భోజనంతో మొదలుపెట్టు. ఆదివారం పదిమందికి రాగిసంగటి, ఊరిబిండి పచ్చడి, నాటుకోడి పులుసు, అంతే. ముందే ఫోన్ చేసినోళ్లకే వండాల.

కోటపిల్లోడు:
అమ్మను అడిగితే ట్రంకుపెట్టెలో తాత పేరు మీద 1987 ఇంటిపన్ను రసీదు దొరికింది, ఒక మూల చెదలు తినింది గానీ తేదీ కనబడుతుంది. స్లాబ్ ఆలోచన మానేశా. సోమవారం సర్వే నెంబర్ తీసుకొని పోతా. సంగటి మాట చెప్తే "పదిమందికైతే వండుతా, పదకొండో మనిషొస్తే నువ్వే తోముకో" అనింది. పాతమేస్త్రీ అన్నా, జమ్మలమడుగు దగ్గర మంచి చవుడు ఎక్కడ దొరుకుతుందో చెప్పు.